బట్టల బేరం నుండి భూమి శిస్తు దాకా: ఉత్తర సర్కారుల్లో కుంఫిణీ

ఉపోద్ఘాతం

పద్దెనిమిదో శతాబ్ది ఉత్తరార్ధం నుండి దాదాపు నూరేళ్ల పాటు తెలుగు దస్తావేజుల్లో, అర్జీల్లో, కైఫీయతుల్లో తరచుగా ఎదురయ్యే మాట ‘కుంఫిణీ’. ఇంగ్లీషు ‘కంపెనీ’ తెలుగు నాలుక మీద ధరించిన రూపమిది. చాలా చోట్ల ఇది ఒంటరిగా కనిపించదు. ‘వారు’ చేరి ‘కుంఫిణీవారు’ అవుతుంది. లండనులో వాటాలు కొనుక్కున్న వర్తకుల సంఘం ఒకటి తెలుగు వాక్యంలో గౌరవ బహువచనం పొంది, శిస్తు అడిగే ప్రభువుగా, తీర్పు చెప్పే ధర్మకర్తగా కనిపిస్తుంది. ఒక వ్యాపార సంస్థను రాజును సంబోధించినట్టు సంబోధించవలసి రావడం భాషలో జరిగిన చిన్న మార్పు కాదు. దాని వెనుక దాదాపు ఒకటిన్నర శతాబ్దాల చరిత్ర ఉంది.

ఈ మార్పును వివరించేటప్పుడు మన చరిత్ర గ్రంథాలు సాధారణంగా యుద్ధాల వరుసను అనుసరిస్తాయి. 1758 డిసెంబరులో చందుర్తి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట, 1794 జులైలో పద్మనాభం అన్నవి ఆ వరుసలో ముఖ్యమైన మైలురాళ్లు. అవి అబద్ధం కావు. అయితే తెలుగు తీరంలో కుంఫిణీ స్వభావాన్ని మార్చిన ఘట్టం యుద్ధభూమిలో కంటే లెక్కల పుస్తకంలో స్పష్టంగా కనిపిస్తుంది. బట్ట కొనడానికి కావలసిన సొమ్ము సముద్రం దాటి రావడం తగ్గి, ఆ బట్ట నేసే ఊళ్ల నుండే వసూలు కావడం మొదలైననాడు కొనుగోలుదారు పాలకుడయ్యాడు. ఆ మలుపును, నేతవాడి బతుకులోను పాలకుల భాషావసరాల్లోను దాని పర్యవసానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

రేవులో ఒక కొనుగోలుదారు

1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి ఇచ్చిన పట్టాతో ఈస్టిండియా కంపెనీ ఏర్పడింది. దాని ఓడ ‘గ్లోబ్’ 1611లో నిజాంపట్నం (నాటి ఐరోపావారి రాతల్లో పెట్టపోలి) మీదుగా మచిలీపట్నం చేరింది. అప్పటికే డచ్చి కంపెనీ ఈ తీరంలో నిలదొక్కుకుంది. విశేషమేమిటంటే ఇంగ్లీషు ఓడలో వ్యాపార వ్యవహారాలు చూసిన పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంతూనిస్ ఇద్దరూ డచ్చివారే. ఈ తీరపు బట్టకు ఆగ్నేయాసియాలో ఉన్న గిరాకీని ముందే ఎరిగిన వారు వీరు.

ఇంగ్లీషువారు మొదట ఇక్కడికి వచ్చింది ఇంగ్లండులో అమ్మే బట్ట కోసం కాదు. జావా, సుమత్రా, సయాం ప్రాంతాల్లో మిరియాలు, లవంగాలు కావాలంటే అక్కడివారు వెండి కంటే కోరమాండల్ తీరపు అద్దకం బట్టను ఎక్కువ ఇష్టపడేవారు. కృష్ణా ముఖద్వారం దగ్గరి ఇసుక నేలల్లో దొరికే చిరివేరు ఎరుపు రంగుకు, మచిలీపట్నం పరిసరాల కలంకారీకి అక్కడ మంచి పేరుండేది. అందువల్ల తెలుగు తీరం ఇంగ్లీషు వర్తకానికి తొలి దశలో సుగంధ ద్రవ్యాలు కొనే నాణెంలా పనిచేసింది. ఐరోపాలో నూలు బట్టల మోజు పెరిగింది ఆ శతాబ్ది ద్వితీయార్ధంలోనే. ఆ మోజు ఎంతటిదంటే, స్వదేశీ ఉన్ని, పట్టు పరిశ్రమల ఒత్తిడికి లోనై ఇంగ్లండు పార్లమెంటు 1700లో ఒకసారి, 1721లో మరింత కఠినంగా అద్దకం బట్టలను నిషేధించింది. అయినా తిరిగి ఎగుమతి చేయడానికి అడ్డు లేకపోవడంతో ఆ సరుకు ఇతర దేశాలకు సాగింది. పశ్చిమ ఆఫ్రికాలో బానిసల కొనుగోలుకు ఇచ్చిన సరుకుల్లో కోరమాండల్ బట్ట ఒకటి. నేసినవారికి తెలియని ఆ గమ్యం ఈ వర్తక చరిత్రలో విడదీయరాని భాగం.

ఈ దశలో కుంఫిణీ స్థానం ఏమిటి? 1632లో గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఇచ్చిన ఫర్మానా ప్రకారం ఏడాదికి 500 వరహాలు చెల్లించి అది గోలకొండ రేవుల్లో వర్తకం చేసుకోవచ్చు. ఇంగ్లీషువారు దీన్ని ‘బంగారు ఫర్మానా’ అని మురిపెంగా పిలుచుకున్నారు. పేరు ఎంత ఘనమైనదైనా, దానిలో వారు సుంకం కట్టే పరదేశి వర్తకులు మాత్రమే. స్థానిక అధికారులతో పేచీలు తప్పలేదు, డచ్చివారి పోటీ తగ్గలేదు. దక్షిణాన ఆర్మగాం (దుగరాజపట్నం) దగ్గర 1626లో ఒక స్థావరం పెట్టుకున్నా అదీ అచ్చిరాలేదు. 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుని నుండి చెన్నపట్నంలో నేల సంపాదించి కోట కట్టుకున్నాకనే వారికి సొంత గోడల నీడ దొరికింది. ఆ కోట పక్క వెలసిన పట్టణంలో బేరి తిమ్మన్న, కాశీ వీరన్న వంటి తెలుగు వర్తకులు కుంఫిణీకి బట్ట సమకూర్చి పెట్టారు. అప్పు కూడా వారే ఇప్పించారు.

ఇంగ్లండు నుండి తెచ్చిన ఉన్ని బట్టలకు ఈ ఎండల్లో గిరాకీ లేదన్నది ఊహకందే విషయమే. కాబట్టి ఓడల్లో ప్రధానంగా వచ్చింది వెండి, బంగారం. ఓడ ఆలస్యమైతే కొనుగోలు ఆగేది. ఓడ రాకకు ముందే వర్తకుల దగ్గర వడ్డీకి తెచ్చి బయానాలు ఇవ్వవలసి వచ్చేది. బట్ట ధర మీద కుంఫిణీకి కోరిక ఉంది గానీ అధికారం లేదు.

బయానా తిరిగి ఇచ్చే హక్కు

ఆనాటి నేత ఒప్పందాల్లో ఒక సంగతి ప్రత్యేకంగా గమనించదగినది. నేతవాడు నూలు కొనడానికి, పని సాగే రోజుల్లో ఇల్లు గడుపుకోవడానికి ముందుగా సొమ్ము తీసుకునేవాడు. కుంఫిణీ ఈ సొమ్మును స్థానిక వర్తకులకు ఇచ్చేది, వర్తకులు నేతపల్లెల్లో పంచేవారు. అయితే ఆ సొమ్ము తీసుకున్నంత మాత్రాన నేతవాడు కట్టుబానిస కాడు. మరొకరు మంచి ధర ఇస్తామంటే తీసుకున్న బయానా తిరిగి ఇచ్చి ఒప్పందం వదులుకోవచ్చు. వర్తకుడికి మాత్రం సరుకు నచ్చలేదని ఒప్పందం నుండి తేలిగ్గా జారుకునే వీలు లేదు. నేత వదిలి వెళ్లిపోతే బయానా మునిగే నష్టం కూడా వర్తకుడిదే.

దక్షిణ భారత నేత ఆర్థిక వ్యవస్థను అధ్యయనం చేసిన ప్రసన్నన్ పార్థసారథి ఈ అసమానతను ఆధారం చేసుకొని, ఆనాటి నేతవారి నిజ ఆదాయం బ్రిటిషు నేతవారి ఆదాయానికి తీసిపోలేదని వాదించారు. భారతీయ బట్ట చౌకకు కారణం నేతవాడి ఆకలి కాదు, తిండిగింజల చౌక అన్నది ఆయన వాదంలో కీలకాంశం. ఆదాయాల పోలిక గురించి పండితుల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అన్ని ప్రాంతాలకు, అన్ని తరగతుల నేతవారికి దానిని ఒకే తీరున వర్తింపజేయడం కష్టం. కానీ బయానా తిరిగి ఇచ్చే హక్కు విషయంలో వాదం బలమైనది. ఎందుకంటే ఆ హక్కుకు అర్థం తీరంలో కొనుగోలుదారులు అనేకులు ఉండడమే. డచ్చివారికి పాలకొల్లు, జగన్నాథపురం, భీమునిపట్నం ఉన్నాయి. ఫ్రెంచివారికి యానాం ఉంది. వీరుగాక ఆసియా వర్తకులున్నారు. పోటీ ఉన్నంతకాలం నేతవాడి మగ్గానికి మర్యాద ఉంది.

సర్కారులు చేతికి వచ్చిన తీరు

1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి సైన్యం ఖర్చుల కింద అప్పగించాడు. ఐరోపా కంపెనీ ఒకటి తెలుగు నేల శిస్తును అనుభవించడం అప్పటి నుండి మొదలైంది. దారి వేసినవారు ఫ్రెంచివారు, నడిచినవారు ఇంగ్లీషువారు. విజయనగర ప్రభువు ఆనంద గజపతిరాజు పిలుపుతో బెంగాలు నుండి వచ్చిన కర్నల్ ఫోర్డు చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించి, మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పట్టుకున్నాడు.

1765 ఆగస్టు 12న మొగలు పాదుషా షా ఆలం బెంగాలు దివానీని కుంఫిణీకి ఇచ్చాడు. ఉత్తర సర్కారుల ఫర్మానా కూడా ఆనాటిదే. కానీ ఢిల్లీ పాదుషా కాగితం హైదరాబాదులో చెల్లదు. సర్కారులు నిజాం అలీఖాన్ ఏలుబడిలోనివి. అందువల్ల 1766 నవంబరు 12న నిజాంతో మరో ఒప్పందం అవసరమైంది. సర్కారుల కోసం ఏడాదికి 9 లక్షల రూపాయలు చెల్లించడానికి, అవసరమైనప్పుడు సైనిక సాయం చేయడానికి కుంఫిణీ ఒప్పుకుంది. గుంటూరు సర్కారు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జీవితకాలం ఆయనకే ఉండాలన్నది షరతు. ఆయన 1782లో మరణించినా అది కుంఫిణీ చేతికి వచ్చింది 1788లో. ఈ రాయబారాల్లో తెలుగు దుబాసీ కాండ్రేగుల జోగిపంతులు పాత్ర ప్రసిద్ధం.

జయించిన నేలకు కౌలు కట్టడం విచిత్రంగా తోస్తుంది. వర్తకుల దృష్టితో చూస్తే విచిత్రం కాదు. కట్టే కౌలు కంటే వచ్చే శిస్తు ఎక్కువగా ఉంటే అది లాభసాటి బేరం. కుంఫిణీ తన లెక్కల్లో ఏటా సరుకు కొనడానికి కేటాయించే మొత్తాన్ని ‘పెట్టుబడి’ అనే అర్థమిచ్చే పేరుతోనే రాసుకునేది. ఇప్పుడు ఆ పెట్టుబడిలో స్థానిక వసూళ్ల పాలు పెరిగింది. రైతు చెల్లించిన శిస్తు జమీందారు చేతుల మీదుగా కుంఫిణీ ఖజానాకు, అక్కడి నుండి బయానాగా నేతపల్లెకు, బట్టగా మారి లండనుకు చేరింది. ఈ దేశం నుండి సరుకు వెళ్లింది. దానికి బదులుగా రావలసిన వెండి ఆ మేరకు రాలేదు. అయితే చెన్నపట్నం ఖజానా ఇంతటితో నిండిపోయిందనుకోకూడదు. మైసూరుతో వరుస యుద్ధాల వల్ల అది ఎప్పుడూ కటకటలాడుతూ బెంగాలు వైపు చేయి చాచేది. ఆ కటకటే సర్కారుల మీద ఒత్తిడిని రెట్టించింది.

కొనేవాడే ఏలేవాడైతే

1794 దాకా మచిలీపట్నం, విశాఖపట్నం, గంజాంలలో ‘చీఫ్’ అనే అధికారి, అతని కౌన్సిలు పాలన సాగించేవి. బట్ట కొనుగోలు చూసేదీ, జమీందారుల పేష్కషు వసూలు చేసేదీ, తగవులు తీర్చేదీ వారే. ఇదే నేతవాడి పాలిట అసలు సమస్య అయింది. బట్ట ధర మీద తగవు వస్తే ఎవరికి చెప్పుకోవాలి? ధర తగ్గించినవాడే న్యాయాధికారి.

1770ల నుండి కుంఫిణీ మధ్య వర్తకులను తప్పించి, గుమాస్తాల ద్వారా నేతవారితో నేరుగా వ్యవహరించడానికి ప్రయత్నించింది. తన బయానా తీసుకున్నవారు ఇతరులకు నేయకూడదని కట్టడి చేసింది. మగ్గాల మీద నిఘాకు బంట్రోతులను పెట్టింది. నేత అందాక గిడ్డంగిలో బట్టను రకాలుగా విడదీసేవారు. సర్కారుల్లో బట్ట నాణ్యతకు కొలమానం పంజం, అంటే పడుగులోని పోగుల లెక్క. పోగు తగ్గిందని, నేత పలచనైందని గుమాస్తా తేలిస్తే ఒకటో రకం బట్ట రెండో రకమయ్యేది, లేదా తిరిగి వచ్చేది. తిరిగి వచ్చిన బట్టను బయట అమ్ముకోవడానికి పూర్వం డచ్చివారో ఫ్రెంచివారో ఉండేవారు. వారి స్థావరాలు ఐరోపా యుద్ధాల్లో పదేపదే ఇంగ్లీషువారి చేజిక్కడంతో ఆ తలుపులూ మూసుకుపోసాగాయి. బయానా తిరిగి ఇచ్చే హక్కు కాగితం మీద రద్దయిందా లేదా అన్నది అప్రధానం. తిరిగి ఇచ్చి వెళ్లడానికి మరో గడప లేకపోయింది.

ఇంకోవైపు మగ్గాల మీద, చేతిపనుల మీద మొహతర్ఫా పన్ను ఉండేది. అలా నేతవాడు కుంఫిణీకి ఒక చేత్తో పన్ను కట్టి, మరో చేత్తో బయానా తీసుకున్నాడు. అటూ ఇటూ ఉన్నది ఒకే లెక్కల పుస్తకం.

నేతవారు దీన్ని మౌనంగా భరించారనుకోవడం సరికాదు. ఊళ్లు విడిచి వెళ్లడం, కులపెద్దల కట్టుబాటుతో మగ్గాలు ఆపడం, గుంపులుగా కచేరీలకు వెళ్లి అర్జీలు ఇవ్వడం వారు అనుసరించిన మార్గాలు. దేవాంగ, సాలె, కైకాల వంటి వేర్వేరు కులాలవారు తమ విభేదాలు పక్కన పెట్టి కలసిన సందర్భాలూ ఉన్నాయి. ఉత్తర కోరమాండల్ నేతవారి ప్రపంచం గురించి పి. స్వర్ణలత చేసిన పరిశోధన ఈ నిరసనలను, అర్జీలను వెలుగులోకి తెచ్చింది. తెలుగు వచన చరిత్ర రాసేవారు ఈ అర్జీలను ఇంకా తగినంత పట్టించుకోలేదు. కావ్య వచనం, శాసన వచనం మధ్య మిగిలిపోయిన వ్యవహార వచనానికి అవి మంచి ఆకరాలు.

జమీందారు, పేష్కషు, వేలం

జమీందారుల విషయంలోనూ ఈ లెక్కే నడిచింది. 1778లో చెన్నపట్నం గవర్నరుగా వచ్చిన థామస్ రంబోల్డు, సర్కారుల స్థితిని విచారిస్తున్న సంఘాన్ని రద్దు చేసి జమీందారులను చెన్నపట్నానికే రప్పించాడు. దూరాభారం సరే, అక్కడ గుమ్మం గుమ్మానికీ సమర్పించుకోవలసినవి వేరే. ఈ వ్యవహారంలో లంచాల ఆరోపణలు లండను దాకా వెళ్లి, కుంఫిణీ డైరెక్టర్లు అతన్ని పదవి నుండి తొలగించారు. పార్లమెంటులో విచారణ మొదలైంది గానీ శిక్ష దాకా సాగలేదు.

పద్మనాభం యుద్ధాన్నీ ఈ వెలుగులో చూడాలి. విజయనగర సంస్థానం కుంఫిణీని ఈ తీరానికి ఆహ్వానించిన సంస్థానం. ముప్పై ఆరేళ్లకు అదే సంస్థానపు చిన విజయరామరాజు పేష్కషు బకాయిల తగవులో 1794 జులై 10న కుంఫిణీ సైన్యం చేతిలో మరణించాడు. వీరగాథగా దానికున్న విలువ దానిదే. కానీ ఆ యుద్ధానికి మూలం బకాయి చిట్టా. అదే ఏడాది చీఫ్, కౌన్సిలు పద్ధతి పోయి కలెక్టర్లు వచ్చారు. వర్తకం, వసూలు వేర్వేరు ఉద్యోగాలయ్యాయి. 1802 నుండి శాశ్వత శిస్తు నిర్ణయం అమలైంది. ప్రభుత్వపు హవేలీ భూములను ముఠాలుగా విడగొట్టి వేలం వేశారు. పాడుకున్నవారిలో సేద్యం ఎరగని పట్టణ వర్తకులు, ఉద్యోగులు కూడా ఉన్నారు. శిస్తు కట్టలేక చాలా ముఠాలు మళ్లీ వేలానికి వచ్చాయి.

తెలుగు నేర్చుకోవలసిన అవసరం

1611లో మచిలీపట్నంలో దిగిన సంస్థ తన ఉద్యోగులకు తెలుగు పద్ధతిగా నేర్పే కళాశాలను చెన్నపట్నం కోటలో 1812లో స్థాపించింది. మధ్యలో రెండు వందల ఏళ్లు గడిచాయి. వర్తకుడికి దుబాసీ చాలు. ధర, కొలత, గడువు తెలిస్తే బేరం నడుస్తుంది. శిస్తు వసూలు చేసి, భూమి తగవు తీర్చి, కరణం లెక్క తనిఖీ చేయవలసినవాడికి దుబాసీ చాలడు. పైగా దుబాసీయే అనుమానించవలసిన మనిషి అవుతాడు.

ఈ అవసరం తెలుగు భాషాధ్యయనానికి మేలు చేసిందనడంలో సందేహం లేదు. బందరు వర్తకుడు మామిడి వెంకయ్య 1806లో పూర్తి చేసిన ‘ఆంధ్రదీపిక’ నిఘంటువు ఆ కళాశాల పండితులకు, దొరలకు ఆధారమైంది. 1816లో వెలువడిన క్యాంప్‌బెల్ వ్యాకరణానికి ఎల్లిస్ రాసిన పీఠిక, తెలుగు సంస్కృతజన్యం కాదనీ ద్రావిడ కుటుంబానికి చెందినదనీ నిరూపించింది. అందులో వెంకయ్య మాటలను కూడా ఆధారంగా చూపాడు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు, 1852లో నిఘంటువు ప్రకటించాడు. బ్రౌన్ కృషిని శిస్తు యంత్రాంగంలో ఒక మరగా చూడడం అన్యాయం. అతను సొంత సొమ్ముతో పండితులను పోషించాడు, అప్పుల పాలయ్యాడు. అయినా అతని జీతం, హోదా, అతను తెలుగు నేర్చుకున్న కళాశాల ఆ యంత్రాంగానివే. రెండూ నిజాలే, ఒకటి మరొకదాన్ని కొట్టివేయదు.

ఇదే కాలంలో తెలుగులో ప్రభుత్వం అన్న అర్థంలో ‘దొరతనము’ స్థిరపడింది. ‘దొర’ పాత తెలుగు మాటే. ‘దొరతనమువారు’ అన్నప్పుడు మాత్రం మనసులో మెదిలేది కోటలోని రాజు కాదు, కచేరీలోని కలెక్టరు.

వర్తకం పోయి వాటా మిగిలిన కుంఫిణీ

1813 చట్టం భారతదేశంతో వర్తకంలో కుంఫిణీ గుత్తహక్కును తీసివేసింది. లాంకషైరు మరమగ్గాల బట్ట ముందు ఈ తీరపు బట్ట ఎగుమతి నిలవలేదు. గోదావరి మండలంలో ఇంజరం, మాధవాయిపాలెం వంటి చోట్ల ఉన్న బట్టల కోఠీలను 1820ల చివరికల్లా కుంఫిణీ వదిలేసింది. నరసాపురం దగ్గరి ఆ మాధవాయిపాలెం పేరు ‘మదపొల్లం’ అనే బట్ట రకంగా ఐరోపాలో నిలిచింది. ఆ ఊరి నేత మాత్రం నిలవలేదు. నిన్నటిదాకా వేరెవరికీ నేయవద్దని కట్టడి చేసిన ఏకైక కొనుగోలుదారు ఒక్కసారిగా కొనడం మానేశాడు.

శిస్తు మాత్రం ఆగలేదు. 1832-33 నందన కరువు గుంటూరు మండలాన్ని ఊచకోత కోసింది. రాజమహేంద్రవరం మండల జనాభా 1821లో ఏడు లక్షలకు పైగా ఉండగా, 1841 నాటికి అయిదున్నర లక్షల పైచిలుకుకు పడిపోయింది. ఈ దురవస్థకు కారణాలు విచారించి హెన్రీ మాంట్‌గొమరీ 1844లో ఇచ్చిన నివేదిక గోదావరి ఆనకట్టకు దారి తీసింది. కాటన్ దొర పేరు గోదావరి జిల్లాల్లో ఇంటింటా వినిపించడం సహజమే. అయితే ఆనకట్ట అవసరమైనంతగా ఆ మండలం ఎందుకు చితికిందన్న ప్రశ్న ఆ కీర్తి వెనుక మరుగున పడిపోయింది.

1833 చట్టంతో కుంఫిణీ వర్తకం పూర్తిగా రద్దయింది. కొనుగోలూ లేదు, అమ్మకమూ లేదు. అయినా వాటాదారులకు నష్టం కలగకుండా, 60 లక్షల పౌన్ల మూలధనం మీద ఏటా పదిన్నర శాతం చొప్పున, అంటే 6,30,000 పౌన్లు, భారతదేశపు రాబడి నుండి చెల్లించాలని అదే చట్టం నిర్ణయించింది. 1858లో పాలన విక్టోరియా రాణి పరమైంది. ఈ చెల్లింపు ఆగలేదు. చివరకు ప్రతి 100 పౌన్ల వాటాకు 200 పౌన్ల చొప్పున ఇచ్చి ఖాతా ముగించి, 1874 జూన్ 1న ఆ సంస్థను రద్దు చేశారు.